హబ్బులో నాన్నగారు

సింగపూర్ దీవి తూర్పు కొసన టాంపినిస్ అనే పేట ఉంది. చాంగీ విమానాశ్రయానికి దగ్గర, చాంగీ బిజినెస్ పార్కుకు మరీ దగ్గర. ఆ పార్కులో బ్యాంకుల కంప్యూటర్లకు కాపలా కాసే మన పిల్లలు చాలామంది ఈ పేటలోనే అద్దెకుంటారు. పిల్లలున్నారు కాబట్టి ఏడాది పొడుగునా ఎవరో ఒకరి నాన్నగారు దిగుతూనే ఉంటారు. హైదరాబాదులో ఎక్కినా విశాఖలో ఎక్కినా విమానంలో నాలుగు గంటల ప్రయాణం. ఏలూరు నుంచి తిరుపతి వెళ్లడానికే ఇంతకంటే ఎక్కువ పడుతుందని ఆయన దిగిన రోజునే ఇంట్లో అందరికీ విడివిడిగా చెబుతారు.

ఆయన్ని గుర్తుపట్టడానికి కష్టపడక్కర్లేదు. పొట్టి చేతుల చొక్కా. జేబులో పెన్ను. ముప్ఫయ్యేళ్లు ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన చెయ్యి కాబట్టి పెన్ను లేకపోతే ఆయనకు తోచదు. ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు, దాని కింద కొడుకు కొనిచ్చిన తెల్లటి స్పోర్ట్స్ బూట్లు, చేతిలో మడత గొడుగు. మణికట్టు మీద మాత్రం ఇండియా టైము. దాన్ని మార్చమంటే ఒప్పుకోరు.

ఆ టైము దగ్గరే మొదటి దెబ్బ తగులుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే మనిషని ఊళ్లో ఆయనకు పేరు. ఇక్కడా ఒళ్లు ఠంచనుగా నాలుగున్నరకే మేలుకుంటుంది. కానీ సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, అంటే ఏడు. మనవడు బస్సెక్కి స్కూలుకి వెళ్లిపోయి ఉంటాడు. కోడలు లాప్‌టాప్ సంచీ సర్దుకుంటూ ఉంటుంది. కొడుకు హడావుడిగా సాక్సు తొడుక్కుంటూ "అప్పుడే లేచారేంటి నాన్నా, ఇంకాసేపు పడుకోండి" అంటాడు. ఆ ఇంట్లో అందరికంటే ఆఖర్న లేచింది తానేనని తెలిశాక ఆయనకు కాఫీ కూడా చేదుగా ఉంటుంది.

మొదటి వారం చూడాల్సినవన్నీ చూపిస్తారు. మెర్లయన్ దగ్గర నిలబడి "సగం సింహం, సగం చేప, నోట్లోంచి నీళ్లు. బాగుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మిగతా చోట్ల ఆయన చూపు టిక్కెట్టు ధర మీదే. డాలర్లను అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చేస్తారు. నోటి లెక్కల్లో ఆయనకు సాటి లేదు. కుటుంబం మొత్తానికి గుణించి, ఆ డబ్బుతో మన దగ్గర ఏమేం వచ్చేవో కొడుకుకు చెబుతారు. రెండో సోమవారం ఇల్లు ఖాళీ అవుతుంది. బాల్కనీలోంచి చూస్తే ఎదురుగా ఇంకో బాల్కనీ, అందులోనూ ఎవరూ ఉండరు. అప్పుడు కొడుకు ఫోన్లో అంటాడు: "పక్కనే హబ్బుంది నాన్నా, అలా వెళ్లి రండి."

దాని అసలు పేరు అవర్ టాంపినిస్ హబ్. పాత టాంపినిస్ స్టేడియం ఉన్న స్థలంలో కట్టారు. 2017 ఆగస్టులో అప్పటి ప్రధాని లీ సియన్ లూంగ్ ప్రారంభించారు. ఐదు వేల మంది కూర్చునే ఫుట్‌బాల్ మైదానం, ఆరు ఈత కొలనులు, పెద్ద గ్రంథాలయం, నాటకశాల, సూపర్ మార్కెట్టు, ప్రభుత్వ సేవల కౌంటర్లు, హాకర్ సెంటరు, పైకప్పు మీద తోట, అన్నీ అక్కడే. కట్టే ముందు మీకేం కావాలని వేలమంది స్థానికులను అడిగారట. ఈ సంగతి విన్నప్పుడు ప్రతి నాన్నగారూ ఒక్క క్షణం ఆగిపోతారు. ఆయన సర్వీసులో ఎన్నో కట్టించారు, ఎవర్నీ ఏదీ అడిగిన గుర్తు లేదు.

రిటైరైన శాఖను బట్టి హబ్బులో ఆయన చూపు మారుతుంది. ఇరిగేషన్ నాన్నగారు వాన పడగానే అందరిలా లోపలికి పరిగెత్తరు. గొడుగేసుకుని బయటికొచ్చి నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తారు. పది నిమిషాల్లో నేల ఆరిపోతుంటే ఆయన ముఖంలో మెచ్చుకోలు, కడుపుమంట రెండూ కనిపిస్తాయి. కరెంటు శాఖ నాన్నగారు పట్టపగలు వెలుగుతున్న దీపాలు లెక్కపెడతారు. హెడ్మాస్టరు నాన్నగారు ఎస్కలేటరు మీద గెంతుతున్న ఎవరి పిల్లాణ్ణో తెలుగులోనే గదమాయిస్తారు. ఆ పిల్లాడు చైనీయుడైనా సరే ఆగుతాడు. ఎల్ఐసీ నాన్నగారు అక్కడి ముసలివాళ్లను చూసి "వీళ్లకు ప్రీమియం ఎంత పడుతుందో" అని నిట్టూరుస్తారు. హబ్బులో తినగా మిగిలిన తిండిని యంత్రాల్లో ఎరువు చేసి పైన తోటకు వాడతారని తెలిస్తే మాత్రం నలుగురూ కలిసి మెట్లెక్కుతారు. లిఫ్టు ఉందని ఎవరూ చెప్పరు, చెప్పినా ఎక్కరు.

ఆయనకు ఎంతకీ మింగుడుపడనివి ప్రభుత్వ కౌంటర్లే. రకరకాల శాఖల పనులు ఒకే చోట అవుతున్నాయి. దగ్గర్లో జిరాక్సు షాపు లేదు, అర్జీలు రాసిపెట్టేవాళ్లు లేరు, "సారు భోజనానికెళ్లారు" అనేవాళ్లు లేరు. కాసేపు కూర్చుని ఎక్కడో ఒకచోట ఆలస్యం జరక్కపోతుందా అని కాచుకుంటారు. జరగదు. ఆ రోజు అన్నం సరిగ్గా తినరు.

హాకర్ సెంటరు కథ వేరు. 2020 డిసెంబరులో యునెస్కో గుర్తించింది ఈ తోపుడుబళ్ల నాటి తిండి సంస్కృతినే. ఆయన అక్కడికి వెళ్లేది తే సీ కొసోంగ్ కోసం. ఇవాపరేటెడ్ పాలు పోసి, చక్కెర వెయ్యకుండా ఇచ్చే టీ అది. ఆయనకు షుగరు. కొడుకు చీటీ మీద తెలుగులో రాసిచ్చాడు. రెండ్రోజుల్లో కంఠతా వచ్చింది. మొదటిసారి అడిగినప్పుడు ఆయన కంటే పదేళ్లు పెద్దదైన ఆవిడ గ్లాసు ముందుకు తోసి "ఓకే అంకుల్" అంది. జీవితమంతా 'సార్' అనిపించుకున్న మనిషి. డెబ్భై దాటిన ఆవిడకు తాను అంకుల్ ఎలా అయ్యారో ఆ రోజంతా ఆలోచించారు. వారం తిరిగేసరికి ఆవిణ్ణి తానే ఆంటీ అనడం మొదలెట్టారు.

ఖాళీ బల్ల మీద ఒక టిష్యూ పొట్లం కనిపిస్తే ఎవరో మరచిపోయారనుకుని, దాన్ని పక్కకు జరిపి కూర్చుంటారు. నూడుల్స్ పళ్లెంతో వచ్చిన అమ్మాయి ఏమీ అనదు, నిలబడి చూస్తుంది అంతే. ఆ పొట్లం పెడితే చోటు వాళ్లదని, ఇక్కడ ఎవరూ దాన్ని కదపరని సాయంత్రం కోడలు చెబుతుంది. ఆయన ముఖం వెలిగిపోతుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టిన జాతి మనది, ఇందులో కొత్తేముంది! మర్నాటి నుంచి ప్యాంటు జేబులో టిష్యూ పొట్లం తయారు. పదకొండుకే నలుగురికి సరిపడా బల్ల పట్టేస్తారు. ఆ నలుగురూ ఎవరో ఆయనకింకా తెలియదు.

తిన్న పళ్లెం దగ్గర అసలు పరీక్ష. హాకర్ సెంటర్లలో ఎవరి ట్రే వాళ్లే తీసుకెళ్లి పెట్టాలన్న నిబంధనను 2021 సెప్టెంబరు 1 నుంచి గట్టిగా అమలు చేస్తున్నారు. మొదటిసారికి హెచ్చరిక, రెండోసారికి 300 డాలర్లు. నోటి లెక్క వెంటనే పడుతుంది: ఇరవై వేలకు అటూ ఇటూ. పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లో కంచం ఎత్తని మనిషి రెండు చేతులా ట్రే పట్టుకుని, గ్లాసు ఒలక్కుండా అడుగులో అడుగేసుకుంటూ బయల్దేరతారు. హలాల్ పళ్లేలకు ఒక అర, మిగతావాటికి ఇంకో అర ఉంటాయి. అరలముందు నిలబడి బోర్డు పూర్తిగా చదివి, ఏది ఎందులో పెట్టాలో తేల్చుకుని, పెట్టి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని వస్తారు. ఒకసారి అమ్మగారు ఇది చూశారు. ఫోనులో వీడియో తీసి ఊళ్లో ఉన్న ఆడపడుచులకు పంపారు. ఇంటికొచ్చాక ఆయన మళ్లీ కంచం అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కుంటారన్నది వేరే సంగతి. అక్కడ 300 డాలర్లు లేవు కదా.

ఎండ పెరిగాక మకాం గ్రంథాలయానికి మారుతుంది. భూమధ్యరేఖకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో మఫ్లరు చుట్టుకునే మనిషిని చూడాలంటే ఇక్కడికి రావాలి. ఏసీ ఆయనకు పడదు, అది లేని చోటు ఇంకా పడదు. నాలుగు అధికార భాషల పుస్తకాలూ ఉంటాయి: ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం. పొరుగువాళ్ల బీరువాల ముందు అటూ ఇటూ తిరిగి, చివరికి ఫోనులో ఈనాడు జిల్లా పేజీ తెరుస్తారు. వైఫై ఉచితం. ఇక్కడి స్కూళ్లలో మాతృభాషల జాబితాలో తమిళంతో పాటు హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూలకు చోటుంది, తెలుగుకు లేదు. మనవడు హిందీ హోంవర్కు చేస్తుంటే చూసి కడుపు మండిన నాన్నగారు, జేబులో పెన్ను తీసి తెలుగు పుస్తకాలు తెప్పించాలని లైబ్రరీకి ఇంగ్లీషులో అర్జీ రాస్తారు. 'రెస్పెక్టెడ్ సర్'తో మొదలుపెట్టి, కింద పేరు, దాని కింద హోదా, బ్రాకెట్లో రిటైర్డ్. ఆ హోదా మళ్లీ ఒకసారి కాగితమ్మీద కనబడినందుకు ఆయనకు కలిగిన సంతోషం పుస్తకాలొచ్చినా కలగదని నా అనుమానం.

సాయంత్రం మైదానం ఎదుట మెట్ల మీద సభ. ఆ నలుగురూ ఇక్కడే దొరుకుతారు. మొదటి పలకరింపు చూపుతోనే. చొక్కా జేబులో పెన్ను చాలు. తర్వాత ప్రశ్నలు వరుసగా వస్తాయి: "మీదే ఊరండీ? ఏ డిపార్టుమెంటండీ? అబ్బాయికి పీఆర్ వచ్చిందాండీ?" ఇంతలో ఒకాయన మాటల మధ్య "మాకు లాంగ్ టర్మ్ పాసండీ" అంటారు. ఎవరూ ఏమీ అడగరు. ఉద్యోగపు పాసు మీదున్న పిల్లలు తల్లిదండ్రులకు ఆ పాసు తెప్పించాలంటే జీతం నెలకు కనీసం 12,000 డాలర్లు ఉండాలి. మెట్ల మీద రెండు నిమిషాల మౌనం. అందరూ గుణిస్తుంటారు.

అందరూ ఏకమయ్యే విషయం చికెన్ ధర. అందరూ విడిపోయే విషయం అమరావతి. దాని మాస్టర్ ప్లాను గీసింది సింగపూర్ సంస్థలే. సింగపూర్ కంపెనీలు చేపట్టిన స్టార్టప్ ఏరియా ప్రాజెక్టు 2019లో మూతపడింది. ఇంతవరకు అందరూ ఒప్పుకుంటారు. ఎవరివల్ల అన్న దగ్గర మెట్లు రెండుగా చీలతాయి. గొంతులు లేస్తాయి, కింద ఆడుతున్న కుర్రాళ్లు బంతి ఆపి పైకి చూస్తారు. మర్నాడు ఐదింటికి మళ్లీ అదే మెట్టు, అదే నలుగురు, మధ్యలో ఎవరో తెచ్చిన జంతికలు. నెల దాటేసరికి ఒకాయన పాసు గడువు ముగుస్తుంది, ఆ చోటులోకి కొత్త బూట్లతో ఇంకో నాన్నగారు వస్తారు. సభ ఆగదు.

అమ్మగారి సంగతి చెప్పలేదు కదూ. ఆవిడకు ఇంత తీరుబడి లేదు. ఆవిడ వచ్చింది సింగపూర్ చూడ్డానికని టిక్కెట్టు కొన్నప్పుడు అన్నారు. వచ్చాక వంటిల్లు, వాషింగ్ మెషీను, చిన్న మనవరాలు. హబ్బుకు ఆవిడ వచ్చేది పిల్లల కొలను దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడ్డానికి. ఆ కాసేపట్లోనే పక్కన నిలబడ్డ మలయ్ ఆవిడతో స్నేహం కలిపి, అన్నంలో పాండన్ ఆకు వేస్తే వచ్చే వాసన సంగతి తెలుసుకుని, బదులుగా కరివేపాకు పొడి సీసా ఇచ్చేశారు. ఇద్దరికీ కలిపి ఇంగ్లీషు ముక్కలు పాతికకు మించవు. అయ్యగారు నెలంతా కూడబెట్టిన పరిచయాలకంటే ఆవిడ రెండు సాయంత్రాల పరిచయాలు ఎక్కువ. ఆయనకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే తనిఖీ చేస్తారు.

వెళ్లిపోయే రోజు దగ్గరపడ్డాక "మన ఊళ్లో ఉన్నంత సుఖం ఎక్కడా ఉండదు. ఇక్కడ పలకరించే దిక్కులేదు" అని ఫోన్లో తమ్ముడితో చెబుతుంటారు. చెబుతుండగానే కాఫీ కొట్టు ఆంటీ చెయ్యి ఊపుతుంది, తోటలో మట్టి పని చేసే చైనీయ పెద్దాయన తల పంకిస్తాడు, లైబ్రరీ కాపలాదారు గుడ్ మార్నింగ్ అంటాడు. ఆయన ఫోను చెవి దగ్గర నుంచి తియ్యకుండానే ముగ్గురికీ బదులిస్తారు.

మీ నాన్నగారు వస్తున్నారా? సెంతోసా విహార దీవి టిక్కెట్లకు అంత డబ్బు తగలెయ్యకండి. జేబులో పది డాలర్లు, ఒక టిష్యూ పొట్లం, మీ బ్లాకు నంబరు రాసిన చీటీ పెట్టి హబ్బు గుమ్మం దగ్గర దింపండి. ఇక్కడి బ్లాకులన్నీ ఒక్కలాగే ఉంటాయి కాబట్టి చీటీ మాత్రం మరవకండి. వారానికి రెండు పూటలైనా వంట మీరు చేసుకుని అమ్మగారిని కూడా పంపండి, వేరే గుమ్మం నుంచి.