మారకానా కథ

రియో డి జెనీరో నగరానికి ఉత్తరాన, ఒక చిన్న నదికి పక్కగా, రైలు పట్టాలకు దగ్గరగా పుట్టింది ఈ స్టేడియం. ఆ నది పేరే దీనికీ వచ్చింది. తర్వాత మారియో ఫిల్యో అనే పత్రికా రచయిత పేరు కాగితాల మీద పెట్టారు గానీ, జనం నోట మారకానాగానే నిలిచింది. పట్టాలకు అవతల మంగేయిరా కొండవాలు మీద ఒక ఫవేలా ఉంది. పేదలు ఏ సర్కారు ప్లానూ లేకుండా తమంతట తాము కట్టుకున్న బస్తీలను అక్కడ అలా పిలుస్తారు. విదేశీయులు దిగే కోపకబానా, ఇపనేమా హోటళ్లేమో నగరానికి దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్నాయి. ఈ స్టేడియం తన గురించి ఏం చెప్పుకోవాలన్నా ఆ రెండు వైపులనూ కలిపే చెప్పుకోవాలి.

పని 1948 ఆగస్టులో మొదలైంది. ప్రపంచ కప్ ముంచుకొస్తుండటంతో కట్టడం పూర్తికాకుండానే 1950 జూన్ 16న తలుపులు తెరిచారు. రియో, సావో పాలో జట్లు తలపడిన ఆ రోజు ఇక్కడ తొలి గోల్ కొట్టింది దిదీ. ఆ ప్రపంచ కప్‌లో భారత్‌కూ చోటు దక్కింది, జట్టు మాత్రం బయల్దేరలేదు. జులై 16న జరిగిన ఆఖరి మ్యాచ్‌కు టికెట్ కొని వచ్చినవారే 1,73,850 మంది. డ్రా చేసుకున్నా కప్పు బ్రెజిల్‌దే. మొదటి గోల్ తానే కొట్టి కూడా బ్రెజిల్ 2-1తో ఉరుగ్వే చేతిలో ఓడింది. నల్లజాతి గోల్‌కీపర్ బార్బోసా 2000లో చనిపోయేదాకా ఆ ఓటమి నింద మోశాడు.

తర్వాత యాభై ఏళ్లూ ఇది ముఖ్యంగా ఊరివాళ్ల మైదానం. గడ్డి చుట్టూ కింది వరుసలో ‘జెరాల్’ అనే చోటు ఉండేది. అక్కడ కుర్చీల్లేవు, నిలబడే చూడాలి. ఆట సరిగా కనిపించేది కాదు, కానీ టికెట్ అన్నిటికన్నా చవక. కూలీలు, చిల్లర వర్తకులు, వేషాలు కట్టుకొచ్చే అభిమానులు అక్కడే చేరేవారు. 1969 నవంబరు 19న పెలే వెయ్యో గోల్ పెనాల్టీగా కొట్టింది ఈ మైదానంలోనే. 1992 జులై 19న ఫ్లమెంగో, బొటఫోగో క్లబ్బుల ఫైనల్ రోజున పై గ్యాలరీ రెయిలింగు విరిగి ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత ప్రేక్షకుల సంఖ్య తగ్గించారు, కుర్చీలు పెంచారు. 2005లో జెరాల్‌ను పూర్తిగా తీసేశారు. భద్రత పెరిగింది, దాంతోపాటే పేదవాడి టికెట్టూ పోయింది.

2014 ప్రపంచ కప్ కోసం 2010లో దీన్ని మూసి, బయటి గుండ్రటి చట్రం ఉంచి లోపలంతా కొత్తగా కట్టారు. ఖర్చు వంద కోట్ల బ్రెజిల్ రియాళ్లు దాటింది. ఆ పనుల్లో లంచాలు చేతులు మారాయని తర్వాత కేసులు నడిచాయి. సీట్లు సుమారు 78 వేలకు దిగాయి. ఇరుగుపొరుగూ మారిపోయింది. పక్కనే ఉన్న మెట్రో-మంగేయిరా బస్తీలో దాదాపు 700 కుటుంబాలుండేవి. 1970ల్లో మెట్రో పనికి వచ్చిన కూలీలతో మొదలైన బస్తీ అది. మొదట ఖాళీ చేయించిన కుటుంబాలను నగరం పడమటి కొసన ఉన్న కోస్మోస్‌కు పంపారు. మిగిలినవారు పట్టుబట్టడంతో చాలామందికి దగ్గర్లోనే ఇళ్లు దొరికాయి. స్టేడియం పక్కనున్న పాత ఆదివాసీ మ్యూజియం భవనంలో 2006 నుంచి ఉంటున్న ఆదివాసులను 2013 మార్చి 22న పోలీసులు బలవంతంగా బయటికి పంపారు. భవనాన్ని కూల్చే ఆలోచన మాత్రం నిరసనల వల్ల అంతకు ముందే ఆగింది.

అదే ఏడాది జూన్‌లో బస్సు చార్జీలు 20 సెంటావోలు పెంచడంతో దేశమంతా వీధుల్లోకి వచ్చింది. స్టేడియాలకు అడిగిన ‘ఫిఫా ప్రమాణం’ ఆసుపత్రులకూ బడులకూ కావాలని జనం అడిగారు. జూన్ 30న కాన్ఫెడరేషన్స్ కప్ ఫైనల్‌లో బ్రెజిల్ 3-0తో స్పెయిన్‌ను ఓడిస్తుంటే, వెలుపలి వీధుల్లో పోలీసులు నిరసనకారులపై బాష్పవాయువు ప్రయోగించారు.

2014లో ఇక్కడికి వచ్చిన విదేశీ అభిమాని దారి ముందే సిద్ధమై ఉంది. విమానాశ్రయం నుంచి వచ్చే పెద్ద రోడ్డు మారే ఫవేలాల పక్కగా పోతుంది. 2010లో అక్కడ అడ్డుగోడలు నిలబెట్టారు. చప్పుడు ఆపడానికని అధికారులు అన్నారు, తమను దాచడానికని బస్తీవాళ్లు అన్నారు. పోటీలకు రెండు నెలల ముందు మారేలోకి సైన్యం దిగింది. అంతకు ముందు 2008 నుంచే ఫవేలాల్లో ‘శాంతిస్థాపక’ పోలీసు దళాలను పెడుతూ వచ్చారు. కొన్నిచోట్ల కాల్పులు తగ్గాయి. కానీ 2013 జులైలో రోసిన్యా అనే ఫవేలాలో ఆ పోలీసులే విచారణకని తీసుకెళ్లిన ఒక తాపీ కూలీ తిరిగి రాలేదు. ఆ కేసులో పోలీసులకు తర్వాత శిక్షలు పడ్డాయి.

విమానాశ్రయం రోడ్డు దాటాక అభిమాని సముద్రతీరపు హోటల్‌కు, మ్యాచ్ రోజున మెట్రోలో స్టేడియం వాకిట్లోకి చేరేవాడు. హోటళ్ల ధరలు ఆకాశాన్నంటడంతో కొందరు విదిగాల్ వంటి ఫవేలాల్లోని చవక హాస్టళ్లలో దిగారు. ఇలాంటి యాత్రికుడికి ఎదురయ్యేది ఎక్కువగా ఫోను లాక్కోవడం, తీరంలో గుంపుగా వచ్చి దోచుకోవడం. తుపాకీ గుళ్లకు బలయ్యేది ఎక్కువగా ఫవేలాల్లోని నల్లజాతి యువకులు.

ఆ ప్రపంచ కప్‌లో ఏడు మ్యాచ్‌లు ఇక్కడే జరిగాయి. జూన్ 18న స్పెయిన్, చిలీ మ్యాచ్‌కు ముందు టికెట్లు లేని చిలీ అభిమానులు మీడియా కేంద్రం గుండా లోపలికి చొరబడ్డారు. ఫైనల్‌కు అర్జెంటీనా నుంచి జనం కార్లలో, వ్యాన్లలో తరలివచ్చారు. కార్నివాల్ ఊరేగింపులు జరిగే సాంబడ్రోమ్‌ను నగరం వాళ్ల బసకు తెరిచింది. వాళ్లలో చాలామందికి టికెట్లే లేవు. జులై 13న గోట్జే గోల్‌తో జర్మనీ 1-0తో గెలిచింది.

2016 ఒలింపిక్స్ ప్రారంభోత్సవమూ ఇక్కడే జరిగింది. కొద్ది నెలలకే నిర్వహణ ఎవరిదన్న వివాదంలో గడ్డి ఎండింది, కుర్చీలు ఊడాయి, బిల్లు కట్టక కరెంటు పోయింది. 2017 మార్చిలో ఆటలు మళ్లీ మొదలయ్యాయి. 2020లో కరోనా కాలంలో ఈ ఆవరణలోనే తాత్కాలిక ఆసుపత్రి నడిచింది. 2023 నవంబరులో దక్షిణ అమెరికా క్లబ్బుల లిబర్టడోరెస్ కప్ ఫైనల్‌కు వచ్చిన అర్జెంటీనా క్లబ్బు బొకా జూనియర్స్ అభిమానులకూ రియో క్లబ్బు ఫ్లుమినెన్సె అభిమానులకూ కోపకబానా ఇసుకలో ఘర్షణ జరిగింది. అదే నెల 21న బ్రెజిల్, అర్జెంటీనా మ్యాచ్‌కు ముందు గ్యాలరీలో గొడవ రేగి, పోలీసులు అర్జెంటీనా అభిమానులపై లాఠీ ఝళిపించారు. ఆట దాదాపు అరగంట ఆలస్యమైంది.

ప్రస్తుతం స్టేడియం నిర్వహణ ఫ్లమెంగో, ఫ్లుమినెన్సె క్లబ్బుల చేతిలో ఉంది. 2024లో కుదిరిన ఒప్పందం ఇరవై ఏళ్లది. 2027 మహిళల ప్రపంచ కప్ ఆతిథ్య నగరాల్లో రియో కూడా ఉంది.