వెండి కాగితం వైద్యం

హనుమకొండలో బాగుకాని వస్తువంటూ లేదు. తేడా అంతా పట్టే సమయంలోనే. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలో కల్యాణ మండపాన్ని పురావస్తు శాఖ 2006లో విప్పింది. రాళ్లకు నంబర్లు వేసి, పునాది తవ్వి, మళ్లీ నిలబెట్టి తెరిచేసరికి 2024 శివరాత్రి వచ్చింది. పాపం, చౌరస్తాలో సెల్‌ఫోన్ రిపేరు డబ్బాలున్నాయని వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు. అక్కడ ఏ జబ్బుకైనా ఐదు నిమిషాలే.

ఆ ఐదు నిమిషాల వైద్యానికి ఈమధ్య కొత్త రోగులొస్తున్నారు. పొగ గొట్టాలు, అదే, వేప్‌లు. కింద పడి బ్యాటరీ గూడు పగిలింది, మూత గాట్లు అరిగాయి, స్ప్రింగు కుంగింది, సెల్లు లోపల గలగలలాడుతోంది. "ఏం గాలేదన్నా, కాంటాక్ట్ పోయింది, గంతే. గింత దానికి కొత్తది కొంటవా? చాయ్ తాగి రా." వైద్యం ఏమిటంటే, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, స్ప్రింగు కింద కుక్కడం. మూతకు ఫెవిక్విక్. ఆపైన ధైర్యానికి ఒక రబ్బరు బ్యాండు. మరి ఆ సిగరెట్ పెట్టె ఎక్కడిది? సిగరెట్ మానడానికే వేప్ కొన్నానని చెప్పే పెద్దమనిషి తన జేబులోంచే తీసిచ్చాడు.

రిపేరు చేసేవాణ్ని తిట్టి లాభం లేదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పొమ్మందామంటే అది ఉంటే కదా. 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరుకల్లా చట్టం చేసింది. ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. నిల్వ పెట్టినా ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అంటే చట్టం దృష్టిలో ఈ వస్తువు బజారులో లేదు. లేని వస్తువుకు బిల్లుండదు, గ్యారంటీ ఉండదు. విరగడం మాత్రం విరుగుతుంది. అసలు సిగరెట్‌కు ఈ బాధలేమీ లేవు. పెట్టె మీద 85 శాతం భయంకరమైన బొమ్మ వేసుకుని పాన్ డబ్బాలో దర్జాగా కూర్చుంటుంది. మన ప్రాణాలకు బీమా చేసే ఎల్ఐసీ దగ్గరే ఐటీసీ షేర్లున్నాయి. ఎటు తిరిగినా సంస్థకు నష్టం లేదు.

"టీవీ రిమోట్‌కు రబ్బరు బ్యాండు వేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తలేదా?" అన్నది ఈ వైద్యశాస్త్రానికి మూలసూత్రం. పనిచేస్తుంది నాయనా, రిమోట్ తాగేది మిల్లీ ఆంపియర్లు. అర ఓం కాయిల్ పెట్టిన వేప్‌లో నిండా చార్జయిన సెల్లు 4.2 వోల్టులిస్తే ఎనిమిది ఆంపియర్ల పైన పారుతుంది, అదీ ఆ వెండి కాగితం మీదుగా. ఎన్ఐటీ ఉన్న ఊరిలో ఓం నియమం తెలియనివాళ్లు తక్కువే. చౌరస్తా దాటేటప్పుడు మాత్రం దాన్ని ఇంట్లో పెట్టి వస్తారు.

ఇక ఆ సెల్లు సంగతి. 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. ఒంటి రేకంతా మైనస్సే, నెత్తిమీది బొడిపె ఒక్కటే ప్లస్సు. రెండింటినీ కలవకుండా కాపాడేది ఒక పల్చటి వాషరు, ఒక ప్లాస్టిక్ తొడుగు. పగిలిన గూడు అంచు గీసుకుని తొడుగు చిరిగితే, అక్కడికి వెండి కాగితం ముక్క జరిగితే, షార్టే. సెల్లు కాలి గ్యాస్ కక్కుతుంది. అది బయటికి పోవడానికే గూటికి చిన్న చిల్లులు పెడతారు. మనవాడు "దుమ్ము వోతది" అని వాటినే ఫెవిక్విక్‌తో పూడ్చాడు. దారి లేని గొట్టంలో గ్యాస్ నింపిన సరుకును దీపావళికి అమ్ముతారు, ప్యాంటు జేబులో పెట్టుకుని బస్సెక్కరు.

2009 నుంచి 2016 దాకా పత్రికల్లో వచ్చిన ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్లను అమెరికా అగ్నిమాపక యంత్రాంగం లెక్కేస్తే 195 తేలాయి. 2018లో ఫ్లోరిడాలో ఒకరు, 2019లో టెక్సస్‌లో ఒకరు చనిపోయారు. ఈ మాట చెబితే, "అది అమెరికా అన్నా" అంటాడు. సరే. 2022 ఏప్రిల్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ముసలాయన ప్రాణం పోయిన నిజామాబాద్ అమెరికాలో లేదు. అదీ లిథియం జాతి సరుకే, కాకపోతే సైజు పెద్దది.

గూడు పగిలితే చేయాల్సింది ఒక్కటే. సెల్లు తీసి, రెండు కొసలకూ టేపు చుట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయడం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుపైనే పెట్టాయి. కానీ వేప్‌కు తయారీదారు ఉండటమే నేరం. అందుకని సెల్లు మున్సిపాలిటీ చెత్త బండి దగ్గరికే వెళ్తుంది. బండి మీది మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు, "సార్, ఇది తడి చెత్తా, పొడి చెత్తా?"

"పొడే," అన్నాడు పెద్దమనిషి, సిగరెట్ వెలిగించుకుంటూ.