గవర్నర్‌ను మార్చడం ఎలా?

ముందే చెబుతున్నా, ఇది రాజ్‌భవన్ సంగతి కాదు. గవర్నర్లను వేసే రాష్ట్రపతి కుర్చీలోనే మా అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు 1977లో కూర్చున్నారు కాబట్టి ఆ ముచ్చట మాకు ఎప్పుడో తీరిపోయింది. ఇప్పుడు మార్చాల్సింది చవక ఆండ్రాయిడ్ ట్యాబులోని గవర్నర్‌ను. ప్రాసెసర్ ఎప్పుడు ఎంత వేగంతో పరుగెత్తాలో చెప్పే బుల్లి ప్రోగ్రాం అది. మీ ట్యాబు నత్తలా నడుస్తోందంటే తప్పంతా దానిదేనని గట్టిగా నమ్మండి. లోపల పెళ్లి వీడియోలు కిక్కిరిసి ఉన్నాయనీ, మూడేళ్లుగా ఒక్క యాప్ కూడా తీసేయలేదనీ ఎవరైనా అంటే వినకండి. అవి తీసేస్తే పైసా ఖర్చు లేకుండా పని అయిపోతుంది. అందులో మన గొప్ప ఏముంది?

మొదట రూట్ చేయాలి. అంటే ట్యాబు తాళం పగలగొట్టి యజమాని హోదా తెచ్చుకోవాలి. ఆ దెబ్బకు లోపలున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, వారంటీ పోతుంది, బ్యాంకు యాప్‌లు మీ ముఖం చూడబోమంటాయి. పెళ్లి వీడియోలూ పోతాయి కాబట్టి ట్యాబు కాస్త చురుగ్గా కనిపిస్తుంది. ఆ ఘనత రూటుకే కట్టబెట్టండి.

ఇక గవర్నర్ల జాబితా. బోరు మోటారుతో కాపురం చేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. ‘పవర్‌సేవ్’ ఎప్పుడూ అట్టడుగు వేగమే. ‘కన్జర్వేటివ్’ ఒక్కో మెట్టే ఎక్కుతుంది; చినుకు పడుతున్నా నమ్మక ఆకాశం వైపే చూసే పెద్దాయన బాపతు. ‘ఆన్‌డిమాండ్’ లినక్స్‌లో 2004లో చేరింది. పని మీద పడగానే పై వేగానికి ఎగురుతుంది, తగ్గాక దిగుతుంది. తొలి పదునుకే శెనక్కాయ విత్తేసే రైతు అనుకోండి. ‘పర్ఫార్మెన్స్’ మాత్రం పనున్నా లేకున్నా పై వేగమే, నీళ్లు అందకున్నా ఆడుతూనే ఉండే మోటారు. మనకు కావలసింది సరిగ్గా ఇదే.

ఒక చిన్న చిక్కు ఉంది, పట్టించుకోనక్కర్లేదు. వేగం పెరగాలంటే వోల్టేజీ పెరగాలి. వోల్టేజీ రెట్టింపయితే కరెంటు ఖర్చు అదే వేగానికి నాలుగింతలు. ఆ ఖర్చంతా వేడిగా బయటపడాలి. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన అనంతపురం గాలికి ఇంకొకరి వేడి మోసే ఓపిక ఎక్కడిది? అందుకే ట్యాబులో గవర్నర్ మీద ఇంకో అధికారి ఉంటాడు, పేరు థర్మల్. చిప్పు కాలుతోందని తెలిస్తే ఎవర్నీ అడక్కుండా వేగం కోసేస్తాడు. తెర మీద బోర్డు మాత్రం ‘పర్ఫార్మెన్స్’ అనే ఉంటుంది. పదవుల తీరు మీకు నేను చెప్పాలా?

2011లో హైదరాబాదులో బిగించిన ఆకాశ్ ట్యాబు వేగం 366 మెగాహెర్ట్జ్. నాది 1300, అదీ నాలుగు కోర్లు. అయినా ఆశ తీరక ‘పర్ఫార్మెన్స్’ పెట్టాను. పది నిమిషాలు గుర్రమే. తర్వాత పాత వేగం కూడా అందలేదు, వీపు మాత్రం పెనం. తడిగుడ్డ కప్పితే చూస్తుండగానే ఆరింది. చివరికి నీళ్ల కుండ మీద బోర్లించాను.

“ఏంరా, కుండకు మూత దొరకలేదా నీకు?” అంది అమ్మ. ట్యాబు తీసి, వేడెక్కిన మోటారుకు చేసే వైద్యమే చేసింది. ఆపేసింది. పొద్దు వాలినాక మళ్లీ వేసింది. గవర్నర్ మార్పు రీస్టార్టుతో చెరిగిపోతుంది, గవర్నర్‌ను మార్చే యాప్‌లో ‘బూట్ అయిన ప్రతిసారీ వర్తించు’ అన్న గడిలో టిక్కు పెడితే తప్ప. నేను పెట్టలేదు. పాత గవర్నరే వచ్చి కూర్చున్నాడు. ట్యాబు చల్లగా, నిదానంగా, అడిగింది చేస్తోంది.

“కాలిపోయేదాంకా ఆడించే బుద్ధి మీ నాయనది” అంటూ కుండ మీద మూత పెట్టింది.

మీరు మాత్రం ఆ టిక్కు మరిచిపోకండి.