గంటల లెక్క

మాది న్యూజెర్సీలో ఓ చిన్న ఊరు. పిల్లలు మత్తుమందుల జోలికి పోకుండా చూసుకోవడానికి ఊరివాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి వాషింగ్టన్ నుంచి డబ్బొస్తుంది. 1997లో చేసిన చట్టం కింద ఇలాంటి సంఘాలకు ఏడాదికి 1,25,000 డాలర్ల దాకా ఇస్తారు. ఐదేళ్లు ఇచ్చాక మళ్లీ పోటీపడి గెలిస్తే ఇంకో ఐదేళ్లు. పదేళ్లు దాటితే లేదు.

ఊరికే ఇవ్వరు. పన్నెండు వర్గాలవాళ్లు బల్ల చుట్టూ కూర్చోవాలి. పోలీసు, పాస్టరు, డాక్టరు, టీచరు, వ్యాపారి, విలేఖరి, కుర్రకారు, ఇలా. అందులో తల్లిదండ్రుల కుర్చీ నాది.

రెండో షరతు ఇంకా గట్టిది. సర్కారు డాలరిస్తే ఊరూ డాలరు పెట్టాలి. ఏడో ఏట నుంచి డాలరుంపావు, తొమ్మిదో ఏట నుంచి డాలరున్నర. అయితే నోట్లే కట్టనక్కర్లేదు. చర్చివాళ్లు హాలు ఉచితంగా ఇస్తే దాని అద్దె లెక్కలోకి వస్తుంది. డాక్టరు వచ్చి మాట్లాడితే ఆయన గంట వస్తుంది. నేను కుర్చీలు సర్దినా వస్తుంది. మన దగ్గర శ్రమదానం అంటామే, అదే. కాకపోతే ఇక్కడ గంటకింత అని ధర కట్టి, కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు.

సంఘానికి ఏడో ఏడు రాగానే కోఆర్డినేటరమ్మ ఫోన్ చేసింది. "గంటలు చాలడం లేదండీ."

ఇక నేను విజృంభించాను. మంగళవారం మీటింగు. గురువారం లైబ్రరీలో ప్రసంగం. శనివారం ఇళ్లల్లో మిగిలిపోయిన నొప్పిమాత్రలు పోగుచేసి పోలీసులకు అప్పగించడం. ప్రసంగం మాత్రం ఎక్కడైనా ఒకటే: "రాత్రి భోజనాల దగ్గర పిల్లలతో పది నిమిషాలు మాట్లాడండి. వాళ్లు చెప్పేది వినండి. ఇంతకు మించిన మందు లేదు." గుడి హాల్లో తెలుగులోనూ చెప్పాను. చప్పట్లు కొట్టారు.

అక్కడే మావాడి గురించి కూడా కాస్త గొప్పలు పోయాను. ఊళ్లో తెలుగు ఇళ్లు ఇరవై దాకా ఉన్నా, తెలుగు రాయగలిగే పిల్లవాడు వాడొక్కడే. చిన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి నేనే దిద్దించాను. అన్నీ వచ్చాయి గానీ, 'నాన్న'లో నావత్తు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా మరిచిపోయేవాడు. గదమాయిస్తే, "వత్తు లేకపోయినా పిలిస్తే పలుకుతావుగా!" అనేవాడు. హాలంతా నవ్వారు.

ఇంటికొచ్చేసరికి వాడి గది తలుపు వేసి ఉండేది. "మీకోసం చూసి చూసి తిన్నాడండీ" అనేది మా ఆవిడ, అన్నం వేడిచేస్తూ. "ఈ ఒక్క ఏడూ గడవనీ" అనేవాణ్ణి.

డబ్బు తీసుకున్నందుకు సంఘం బడిపిల్లల్ని అడిగి తెలుసుకోవాల్సినవి నాలుగున్నాయి. గత ముప్పై రోజుల్లో వాడావా? అది ప్రమాదమనుకుంటున్నావా? మీ అమ్మానాన్నలు తప్పంటారా? నీ స్నేహితులు తప్పంటారా? పేర్లు రాయకూడదు. ఎవరి కాగితం ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఓ మంగళవారం మీటింగయ్యాక కోఆర్డినేటరమ్మ ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "దీని మీద కింద ఏదో రాశారు. మీ భాషలా ఉంది. కాస్త చదివి చెబుతారా?"

కళ్లద్దాలు సవరించుకుని చూశాను. మూడో ప్రశ్న దగ్గర 'చాలా తప్పంటారు' అని గుర్తుపెట్టి ఉంది. నా ప్రసంగాల ఫలితం అనుకున్నాను. మొదటి ప్రశ్న దగ్గర 'అవును' మీద గుర్తుంది. అయ్యో అనుకున్నాను.

కింద, మార్జిన్లో, గుండ్రటి తెలుగు అక్షరాలు:

"మా నానకి చెప్పాలి. నాన మీటింగ్‌లో ఉన్నాడు."

రెండు చోట్లా నావత్తు లేదు.

గొంతు పెగుల్చుకుని ఆ రెండు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నిట్టూర్చింది.

"ఏ ఆఫీసు మీటింగో, పాపం! మీవాళ్లే కదా, ఆ తండ్రెవరో కనుక్కుని మీరొకసారి మాట్లాడండి. మీరు చెబితే వింటారు."

తర్వాత గంటల కాగితం ముందుకు లాక్కుని నా పేరుకెదురుగా రాసింది: 'అనువాదం, పావుగంట.'

సంతకానికి పెన్ను నా చేతికిచ్చింది.