సిరా సైంధవుడు

ముత్తుకూరులో నలుపుకు కరువేం లేదు. పక్కనే కృష్ణపట్నం రేవులో బొగ్గు ఓడలకు ఓడలు దిగుతుంది. నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం 2400 మెగావాట్ల సామర్థ్యంతో బొగ్గు మీదే నడుస్తుంది. గాలి ఇటు తిరిగిందంటే దండెం మీది తెల్లపంచె సాయంత్రానికి తెల్లపంచెగా మిగలదు. ఇంత నలుపు ఊరికే రాలే ఊళ్లో, మనిషి డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన నలుపు ఇంటి ఇంక్‌జెట్ ప్రింటరుది ఒక్కటే. కొన్నా అది కాగితం మీద పడుతుందన్న భరోసా లేదు.

కాగితాల కాలం పోయిందని రాష్ట్ర ప్రభుత్వం అంటోంది. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. పత్రం ఫోన్‌లోకి వచ్చి వాలుతుంది. బల్లకు అవతల కూర్చున్నాయన మాత్రం దాన్ని ఒకసారి చూసి, "జిరాక్స్ ఏదబ్బయా?" అంటాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి ఇప్పుడు మన ఇంట్లోనే, కంప్యూటరు పక్కన, పాత టవలు కప్పుకుని కూర్చున్నాడు. రైతుకు పొలం 1బీ కావాలి, పిల్లకు హాల్ టికెట్ కావాలి, రొయ్యల గుంట లీజుకు ఆధార్ కాపీ కావాలి. మామూలు రోజుల్లో నోరెత్తని పెద్దమనిషి, నెల్లూరు బస్సుకు వేళయిందనగానే ఎర్రలైటు వెలిగిస్తాడు. భారతంలో పాండవుల్ని ఆపడానికి సైంధవుడికి శివుడిచ్చిన వరం ఒక్కరోజుకే. ఈయనకు కంపెనీ ఇచ్చిన వరానికి గడువు లేదు.

న్యాయంగా మాట్లాడదాం. కొన్ని జబ్బులు నిజమైన జబ్బులే. 1977లో జపాన్‌లో కేనన్ సంస్థ పరిశోధకుడు ఇచిరో ఎండో దగ్గర వేడి సోల్డరింగ్ ఐరన్ సిరంజి సూదికి తగిలి సిరా చిమ్మింది. బబుల్‌జెట్ అక్కడ పుట్టింది. అలా చిమ్మే రంధ్రాలు తలవెంట్రుక కంటే సన్నం. నాలుగు వారాలు ముట్టుకోకపోతే సిరా ఎండి మూసుకుపోతాయి. సముద్రపు గాలికి కాగితం తేమ పీల్చి, ఒకటి లాగితే మూడు వస్తాయి. ప్రింటర్ తల అటూ ఇటూ నడవడానికి ఆనవాలుగా సన్నటి పారదర్శక పట్టీ ఒకటి ఉంటుంది, దాని మీద దుమ్ము కూర్చుంటే తల దారి తప్పి గోడకు కొట్టుకుంటుంది. ఇంక కరెంటు సంగతి. కరెంటు పుట్టేదీ మన మండలంలోనే, పోయేదీ మన మండలంలోనే. పేజీ సగంలో ఉండగా పోయిందా, తల తన మూతలోకి వెళ్లకుండా బట్టబయలు నిలబడిపోతుంది. తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. మనమూ తక్కువ తినలేదు. ప్రింటరు మీది బటను వదిలేసి గోడ స్విచ్చి టక్కున ఆపేస్తాం. అదీ కరెంటు పోవడంతో సమానమే.

వీటికి మందులున్నాయి, ఖర్చూ తక్కువే. వారానికొక రంగుల పేజీ కొట్టాలి. దాని బటనుతోనే దాన్ని ఆపాలి. కాగితాల కట్టను కవరులోనే ఉంచాలి. కాగితం లాగే రబ్బరు చక్రాన్ని తడిగుడ్డతో తుడవాలి, మూత దగ్గర గడ్డకట్టిన సిరాను డిస్టిల్డ్ వాటరుతో కరిగించాలి. క్లీనింగ్ ఒకసారి, పోనీ రెండుసార్లు కొట్టి, కొన్ని గంటలు ఆగాలి. ఆత్రం కొద్దీ పదిసార్లు కొడితే రంధ్రం తెరుచుకునే లోపల ట్యాంకు ఖాళీ అవుతుంది. ఇవన్నీ మన నెల్లూరు మెకానిక్ ఏ కోర్సూ చదవకుండా చెబుతాడు. కంపెనీ పుస్తకం మాత్రం మొదట ప్రింటరును నీళ్లలో ముంచొద్దంటుంది, ఆపైన అధీకృత సర్వీసు కేంద్రాన్ని సంప్రదించమంటుంది.

అసలు కథ ఆ క్లీనింగ్‌లోనే ఉంది. పిండిన సిరా ఎక్కడికి పోతుంది? యంత్రం అడుగున ఉన్న స్పాంజిలోకి. డబ్బు పెట్టి కొన్న రంగుల్లో కొంత భాగం కాగితం ముఖం చూడకుండానే నేరుగా ఆ స్పాంజికి దక్కుతుంది. సరే, పోనీ. కానీ చాలా మోడళ్లలో ఆ స్పాంజి తడిసిందో లేదో చూసే సాధనం ఏదీ ఉండదు. లోపలొక గుమాస్తా చిప్పు మాత్రం ఉంటుంది. చిమ్మినప్పుడల్లా అది పద్దు రాసుకుంటుంది. పద్దు నిండగానే యంత్రం పని మానేస్తుంది. ఎప్సన్‌లో 'ఇంక్ ప్యాడ్ ఆయువు తీరింది' అంటుంది. కేనన్‌లో 5బీ00 అంటుంది, ఆ అంకెల్లో ఏ శాపముందో మనకు చెప్పదు. మోటారు బాగుంది, తల బాగుంది, ట్యాంకులో సిరా ఉంది. చచ్చింది లెక్క. లెక్క చచ్చిందని ఇంటిల్లిపాదీ కొత్త ప్రింటరు కొనాలట. ఈ గొడవ భరించలేక కొన్ని కొత్త మోడళ్లలో స్పాంజిని విడి డబ్బాగా పెట్టి మనమే మార్చుకునేట్టు చేశారు. దానికీ చిప్పు తగిలించడం మరిచిపోలేదు.

నలుపు లెటరొకటి కొట్టమంటే నీలం అయిపోయిందని మొండికేసే యంత్రాలున్నాయి. సిరా లేదని స్కానింగు కూడా చేయననే మహానుభావులున్నారు. స్కానరుకు సిరాతో ఏం పనో అడిగి చూడండి, సర్వీసు కేంద్రంలో నవ్వుతారు.

మెకానిక్ నవ్వడు. మూత ఎత్తి చూసి, "ఏం కాలేదన్నా, లెక్క నిండింది అంతే. రీసెట్ కొడితే ఇప్పుడే ఆడతాది" అంటాడు. రీసెట్ కొట్టి ఊరుకోడు కూడా. స్పాంజి నిజంగానే నిండితే సిరా బల్ల మీదికి కారుతుందని అతనికి తెలుసు. అందుకే దాన్ని పిండి, కడిగి, ఎండబెడతాడు. లేదంటే వేస్టు ఇంకు గొట్టాన్ని పక్కనుంచి బయటికి లాగి ఖాళీ క్వార్టర్ సీసాలో వదులుతాడు. బహుళజాతి సంస్థ ఇంజనీర్లు కప్పెట్టిన రహస్యానికి క్వార్టర్ సీసా విరుగుడు! దీన్ని వారంటీ ఉల్లంఘన అంటారు కంపెనీవారు. ఇంట్లోవాళ్లు బాగుచేయడం అంటారు.

ఇంకొక ముచ్చట. కాట్రిడ్జి ధరకు తట్టుకోలేక, ప్రింటరు పక్కన సీసాలు పెట్టి సన్న గొట్టాలతో సిరా లాగించే ఏర్పాటు ఆసియా బజార్లలో మెకానిక్‌లే చేసుకున్నారు. కంపెనీలు తిట్టాయి, భయపెట్టాయి. చివరికి 2010లో ఎప్సన్ ఇండోనేషియాలో ట్యాంకు ప్రింటర్లు అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాత తక్కినవాళ్లూ ఆ దారే పట్టారు. సందులో చేస్తే తప్పుడు పని, ఫ్యాక్టరీలో చేస్తే కొత్త ఆవిష్కరణ.

ఇదంతా మన బోటి చాదస్తుల అనుమానమని కొట్టిపారేయడానికి లేదు. 2016 సెప్టెంబర్ 13న హెచ్‌పీ ఆఫీస్‌జెట్ ప్రింటర్లు చాలా ఇళ్లలో ఒక్కసారిగా బయటి కాట్రిడ్జీలను ముట్టుకోబోమన్నాయి. ముందే ఎక్కించిన అప్‌డేట్ ఆ రోజు కళ్లు తెరిచింది. జనం గోల పెడితే విరుగుడు అప్‌డేట్ ఇచ్చారు. కాట్రిడ్జీలను అడ్డుకున్న ఆ ఏర్పాటు అసలు పేరు వినండి, 'డైనమిక్ సెక్యూరిటీ'. భద్రత ఎవరికన్నది మాత్రం చెప్పలేదు. 2024 జనవరిలో అప్పటి హెచ్‌పీ అధిపతి ఎన్రిక్ లోరెస్ ఆ ముసుగూ తీసేశారు. తగినన్ని పేజీలు కొట్టని, లేదా తమ సిరా వాడని కొనుగోలుదారుడు కంపెనీకి చెడ్డ పెట్టుబడి అని టీవీలోనే చెప్పారు. డబ్బు పెట్టింది మనం. పెట్టుబడి అయిందీ మనమే. పైగా చెడ్డ పెట్టుబడి! కాట్రిడ్జిని మళ్లీ నింపి అమ్మేవాళ్ల మీద లెక్స్‌మార్క్ కోర్టుకెక్కితే, ఒకసారి అమ్మేశాక వస్తువు మీద పేటెంటు హక్కు తీరిపోయినట్టేనని 2017లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ముత్తుకూరు సంతలో గంప దించే అవ్వకు ఈ సంగతి ఏ కోర్టూ చెప్పక్కర్లేదు. అమ్మిన చేప తలకాయ ఎట్టా వండాలో ఆమె మన ఇంటికొచ్చి ఆజ్ఞాపించదు.

మన దేశమూ గమ్మున కూర్చోలేదు. 2022 డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ ప్రారంభించింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అన్నీ అందులో ఉన్నాయి. వినడానికి కమ్మగా ఉంది. అయితే పోర్టల్ అంటే సమాచారమిచ్చే కిటికీ. విడిభాగం అమ్మి తీరాలని, రీసెట్ కోడ్ కొన్నవాడికి ఇచ్చి తీరాలని మెడ మీద చెయ్యి వేసి అడిగే చట్టం వేరే సంగతి. అది వచ్చేదాకా హక్కు ఢిల్లీలో, స్క్రూడ్రైవర్ నెల్లూరులో.

కంపెనీవారికి పెద్ద కోరికలేం కోరడం లేదు. మీ అట్టపెట్టె మీద నవ్వే కుటుంబం బొమ్మ వేసి, కింద 'ప్రింట్, స్కాన్, కాపీ' అని రంగురంగుల్లో అచ్చేస్తారు కదా, నాలుగో మాటా వేయండి: 'లోపలి లెక్క ఇంతకు చేరగానే, బాగున్నా సరే, ఆగిపోతుంది'. ఆ ముక్క అచ్చేయడానికి మీ దగ్గర సిరాకు కొదవ లేదని మా స్పాంజిలు సాక్ష్యం చెబుతాయి.