సీన్ తీర సైకిల్ విహార వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: పారిస్‌లో, సీన్ నదిపై, స్మారకాల నడుమ, సులభమైన సైకిల్ విహారం; అన్ని వయసులవారికీ.

అవతారిక: పారిస్‌ను సైకిల్ మీద చూపించే వ్యాపారానికి ఈ వాక్యం మూలమంత్రం. కర్త తెలియడు. హోటల్ కౌంటర్ల మీది కరపత్రాలన్నిటా ఇదే పాఠం, పాఠాంతరాలు స్వల్పం. కనుక దీన్ని అపౌరుషేయంగా అంగీకరించడమే మర్యాద.

పారిస్‌లో, సైకిల్, విహారం: స్పష్టము.

సీన్ నదిపై: నదిపై సైకిల్ నడవదు కనుక ముఖ్యార్థానికి బాధ కలిగింది. ఇలాంటి చోట శాస్త్రకారులు గంగలో గొల్లపల్లెను ఉదాహరిస్తారు. పల్లె ప్రవాహంలో ఉండజాలదు కనుక గంగ అంటే గంగ ఒడ్డని లక్షణార్థం చెప్పుకోవాలి. గంగకున్న చల్లదనం, పావనత్వం పల్లెకూ ఉన్నట్టు తోచడం ఆ లక్షణకు ప్రయోజనం. ఇక్కడా సీన్ అంటే సీన్ ఒడ్డే. ప్రయోజనం, సైకిల్ అద్దె పెరగడం.

అయితే ఈ లక్షణ అన్ని ఋతువులలోనూ చెల్లదు. 2016 జూన్‌లో నది 6.10 మీటర్లకు, 2018 జనవరిలో 5.85 మీటర్లకు పొంగింది. దిగువ రేవుల వెంట ఉన్న బాటలు మునిగాయి. అంటే బాట అక్షరాలా నదిలోనే ఉంది. బాధ తొలగి ముఖ్యార్థమే నిలిచింది. లక్షణార్థం నీటిమట్టాన్ని బట్టి మారుతుందని ఆలంకారికులెవరూ చెప్పలేదు.

ఈ అర్థ నిర్ణయానికి పారిస్‌లో ప్రమాణం గ్రంథం కాదు, ఒక రాతి సిపాయి. క్రిమియా యుద్ధంలో 1854 నాటి ఆల్మా పోరు పేర కట్టిన వంతెనకు 1856లో నలుగురు సైనికుల విగ్రహాలు నిలిపారు. 1970లలో వంతెనను తిరిగి కట్టినప్పుడు ముగ్గురికి బదిలీ అయింది. శిల్పి జార్జ్ దీబోల్ చెక్కిన జువావ్ అనే సిపాయి ఒక్కడే మిగిలాడు. నగరం వరదను అతని ఒంటితోనే కొలుచుకుంటోంది. నీరు పాదాలు తాకితే ఒడ్డు బాటలు మూసే వేళయినట్టు; తొడలకు వస్తే పడవలు ఆగినట్టు. 1910లో నది 8.62 మీటర్లకు లేచి అతని భుజాలను అందుకుంది. అధికారిక కొలత ఆస్టర్‌లిట్జ్ వంతెన దగ్గర తీస్తారు. జనం మాత్రం జువావ్‌నే చూసొస్తారు. జువావ్‌ను చూడడానికి సైకిల్ అక్కర్లేదు గానీ, ఈ టీకకు జువావ్ అక్కరే. మెదక్ సీమ కొల్చారానికి చెందిన వ్యాఖ్యాత మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిన పూనాడు. ఆయనకు ఇంత మంచి విగ్రహం తారసపడలేదు.

స్మారకాల నడుమ: ‘నడుమ’ అన్నది షాంజ్ ఎలీజే రాళ్ల పరుపు మీద వెన్నుపూసలు చెప్పవలసిన మాట. ఆ వీధి చివర విజయతోరణం చుట్టూ పన్నెండు వీధులు కలుస్తాయి. అక్కడ చుట్టు తిరుగుతున్నవారికి కాదు, కొత్తగా చొరబడేవారికే మొదటి హక్కు. నడుమ చిక్కడం సులభమే.

సులభమైన: కష్టపడకుండా లభించేది అని అర్థం. ఎవరు కష్టపడకుండా? 1967లో కుడి ఒడ్డున, నీటి పక్కనే, కార్ల కోసం వేగమార్గం తెరిచారు. దానికి తర్వాత జార్జ్ పాంపిడూ పేరు పెట్టారు. ఈ తీరాన్ని యునెస్కో 1991లో ప్రపంచ వారసత్వంగా గుర్తించాకా ఆ వారసత్వం మీదుగా కార్లు పోతూనే వచ్చాయి. 2013లో ఎడమ ఒడ్డున ఓర్సే మ్యూజియం నుంచి ఆల్మా వంతెన దాకా 2.3 కిలోమీటర్లు, 2016లో కుడి ఒడ్డున 3.3 కిలోమీటర్లు మనుషులకు తిరిగి దక్కాయి. కార్లవారు కోర్టుకెక్కారు. 2018 ఫిబ్రవరిలో కోర్టు కుడి ఒడ్డు ఉత్తర్వును కొట్టేసింది. మేయర్ ఆన్ ఇదాల్గో కొద్ది రోజులకే వారసత్వ రక్షణ పేరిట మరో ఉత్తర్వు తెచ్చారు. అక్టోబరులో అది నిలబడింది. ఇంత పూర్వపక్షం, ఇంత సిద్ధాంతం జరిగాక ‘సులభం’ అనే మూడక్షరాలు పుట్టాయి. కరపత్రాల్లో ఈ వ్యాజ్యం ఊసే లేదు. ఆ బాట నదితోపాటే కొండల్లోంచి దిగివచ్చిందని చదువరి అనుకోవాలి కాబోలు. పైగా ఆ ఒడ్డుల మీద మొదటి హక్కు నడిచేవారిది. ఆ సంగతీ చెప్పరు. గుంపుగా వచ్చినవారు దారికి అడ్డంగా సైకిళ్లు నిలిపి నోటర్‌డామ్‌తో ఫొటోలు దిగుతారు. తోపుడుబండిలో బిడ్డతో వచ్చిన తల్లి పక్కకు తప్పుకుని నిలబడుతుంది. ఈ సౌలభ్యం ఆమె నుంచి తీసుకున్నది.

తాత్పర్యం: ఒకరు పోరాడి గెలిచిన దారిని మరొకరు గంటకింత అని అద్దెకిస్తున్నారు.

అన్ని వయసులవారికీ: ఇక్కడ అర్థ సంకోచం. నగరమంతటా దొరికే వెలిబ్ సైకిళ్లు 2007 జులై 15న మొదలయ్యాయి. వాటిని తొక్కడానికి 14 ఏళ్లు నిండాలి. 12 ఏళ్లలోపు పిల్లలకు 2017 నుంచి హెల్మెట్ తప్పనిసరి. ఎనిమిదేళ్లలోపు వారు ఫుట్‌పాత్ మీద తొక్కవచ్చు; వెంట వచ్చిన తాతయ్య మాత్రం రోడ్డు మీదే తొక్కాలి.