లిఫ్టు సిద్ధాంతం

హైదరాబాద్ విద్యానగర్‌లో కాపురం ఉండేవాడికి సిద్ధాంతాలకు కరువు లేదు. నల్లకుంట శంకరమఠం, శివం రోడ్డులో సాయిబాబా మందిరం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం... అద్వైతం, సేవ, మార్క్సిజం మూడూ నడిచి వెళ్లే దూరంలోనే ఉన్నాయి. మీటరు మీద వచ్చే ఆటో ఒక్కటే దొరకదు.

పుచ్చలపల్లి సుందరయ్య తన వాటా ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేసి, పిల్లలు కూడా వద్దనుకున్న మనిషి. ఆయన పేరు పెట్టిన పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే ప్రశ్న: ‘‘మీ వైపు గజం ఎంత పలుకుతోందండీ?’’

ఈ ఆదర్శాలన్నీ మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పాడైనప్పుడు ఒక్కసారిగా మేడెక్కాయి. మెట్ల మీదుగానే అనుకోండి. మరమ్మతుకు ఎవరెంత కట్టాలన్నది టెర్రస్ మీద మీటింగు.

గ్రౌండ్ ఫ్లోర్ పెద్దాయన రిటైరైన యూనియన్ నాయకుడు. శక్తి కొద్దీ ఇవ్వాలి, అవసరం కొద్దీ పొందాలి అని జీవితమంతా గేటు మీటింగుల్లో చెప్పినవారు. ‘‘నేను లిఫ్టు ఎక్కను. ఎక్కేవాళ్లే కట్టుకోవాలి’’ అని తేల్చేశారు. అయిదో అంతస్తులో షేర్ల వ్యాపారి ఉన్నాడు. ఉచితాలు జనాన్ని సోమరుల్ని చేస్తున్నాయని వాట్సాప్‌లో రోజూ బాధపడతాడు. ఆయనేమో ‘‘మనమంతా ఒక కుటుంబం కదండీ, సమానంగా పంచుకుందాం’’ అన్నాడు. ఒక లిఫ్టు మోటారు ఇద్దరి సిద్ధాంతాలనూ తారుమారు చేసేసింది.

మూడో అంతస్తు శాస్త్రిగారు జగమే మిథ్య అన్నారు. మిథ్యలో లిఫ్టూ ఒక భాగమే కనుక ఆయన వాటా కూడా అంతేనట. ‘‘వ్యావహారిక సత్యం అని శంకరులే ఒప్పుకున్నారు కదండీ, మెయింటెనెన్స్ అందులోకి వస్తుంది’’ అన్నారెవరో. శాస్త్రిగారు కళ్లు మూసుకున్నారు. నాది మొదటి అంతస్తు. బుద్ధుడి మధ్యేమార్గం మీద నాకు ఆ సాయంత్రమే గురి కుదిరింది: సగం కడతానన్నాను.

ఇంతసేపూ నీళ్ల డబ్బాలు, గ్యాసు సిలిండర్లు భుజాన వేసుకుని అయిదు అంతస్తులూ ఎక్కుతున్న వాచ్‌మన్‌ను మాత్రం ఏ సిద్ధాంతమూ అభిప్రాయం అడగలేదు.

శాస్త్రిగారి రెండో ఫ్లాటులో అద్దెకున్న కుర్రాడు సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. యూపీఎస్సీ 2013 నుంచి మెయిన్స్‌లో నీతిశాస్త్రానికి 250 మార్కుల పేపరు పెట్టింది. అప్పటినుంచి కోచింగ్ సెంటర్ల అశోక్‌నగర్‌లో గాంధీ, కాంట్, అరిస్టాటిల్ జిరాక్స్ షాపుల్లో దొరుకుతున్నారు, స్పైరల్ బైండింగుకు వేరే. ఆ పేపరు గట్టెక్కి కలెక్టరైతే పెళ్లి మార్కెట్లో కుర్రాడి ధర ఎంతకైనా పోతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం మీద వ్యాసం బాగా రాసినవాడికే ఆ ధర మరి!

తీర్పు అతన్నే అడిగాం. ‘‘అందరూ ఇలాగే చేస్తే ఏమవుతుందని ఎవరికి వారు ఆలోచించుకోవాలంటాడు కాంట్’’ అని మొదలుపెట్టాడు. అందరం తలలూపాం. అలా ఊపడానికి చందా లేదు.

‘‘ఇంతకీ ఎవరు కట్టాలి బాబూ?’’

‘‘పరీక్షలో అయితే అందరూ సమానంగా కట్టాలని రాస్తానంకుల్. ఇక్కడైతే మా వాటా ఓనరుగారిది.’’

శాస్త్రిగారు కళ్లు తెరిచారు. ‘‘వచ్చే నెల నుంచి అద్దె అయిదొందలు పెంచుతున్నాను నాయనా, నీతో ఎప్పటినుంచో చెబుదామనుకుంటూ మర్చిపోతున్నా.’’